చివరి వీధికి తగ్గిన నిమిషాలు

నిమిషాలయ్య అన్నది ఆయన అసలు పేరు కాదు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, దాన్ని నెలకొక్కసారి ఎవరో చదువుతారు. మిగిలిన రోజులన్నీ ఏడు వీధుల జనానికీ ఆయన నిమిషాలయ్యే. ఆయన పని నీళ్ళు వదలడం. ఒక్కో వీధి మొదట్లో రోడ్డు పక్కన ఇనపమూత వేసిన గుంట ఉంటుంది, ఆ గుంటలో వాల్వు. మూత తీసి, మనిషెత్తు ఇనపకడ్డీ లోపలికి దింపి, వాల్వు తలకు పట్టించి తిప్పితే ఆ వీధి కుళాయిల్లోకి నీళ్ళొస్తాయి. ఇరవై నిమిషాలయ్యాక వెనక్కి తిప్పితే ఆగిపోతాయి. ఆపైన ఐదు నిమిషాల నడక, తర్వాతి వీధి. పొద్దున్న ఆరింటికి మొదటి వాల్వు తిప్పితే ఎనిమిదిన్నరకి ఏడోది తిప్పాలి. తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఊరి చివర పంపుహౌసులో మోటారు ఆగిపోతుంది. ఆ మోటారుకి దయాదాక్షిణ్యాలు లేవు. ముందు వీధుల్లో ఎక్కడ పది నిమిషాలు జారిపోయినా, ఆ పదీ ఏడో వీధివాళ్ళ బిందెల్లోంచే పోవాలి.

ఇరవై రెండేళ్ళలో అలా పోయిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆయన మాటకారి కాదు, ఎవరితోనూ రాసుకుపూసుకు తిరిగే మనిషీ కాదు. సొంత మేనత్త మూడో వీధిలో ఉంటుంది. ఆవిడ రెండో బిందె సగంలో ఉండగా, 'ఒక్క నిమిషం ఆగరా' అని గుమ్మంలోంచి అరుస్తున్నా వినకుండా వాల్వు కట్టేసిన ఘనుడు. ఆవిడ మూడు నెలలు మాట్లాడలేదు. ఆ సంగతి వీధులన్నిటికీ పాకింది. అప్పటినుంచే ఆ పేరు స్థిరపడింది. మొదట్లో ఎగతాళికి పిలిచేవాళ్ళు, తర్వాత నమ్మకంతో పిలవసాగారు.

పాత వాచీ పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. రోజూ లేవగానే దాని పక్కనున్న బుడిపె తిప్పి కీ ఇచ్చేవాడు, మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. ఒకరోజు ఐదో గుంట మీద వంగినప్పుడు అది పట్టీ తెగి గుంటలో పడింది. అడుగున మోకాలి లోతు నీళ్ళు, దానికింద బురద. పని ముగిశాక గంట సేపు వెతికి, దొరికినదాన్ని ఇంటికి తెస్తే, ఆయన భార్య దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. ఆమె ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. ఆ వారమే ఆయన్ని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళి కొత్త వాచీ కొనిపెట్టింది.

"దీనికి కీ ఇవ్వక్కర్లేదండీ" అన్నాడు షాపాయన. "అసలు ఇద్దామన్నా కుదరదు. లోపల ఒక బరువు బిళ్ళ ఉంటుంది. మీ చెయ్యి కదిలితే అది తిరుగుతుంది, అది తిరిగితే స్ప్రింగు చుట్టుకుంటుంది. మీరేం పని చేస్తారు?"

"పొద్దున్నే ఏడు వీధులు నడుస్తాను."

"ఇంకేం. మీ చేతికుంటే ఇది ఆగమన్నా ఆగదు. రోజుకి అరనిమిషం అటో ఇటో అవుతుందేమో, అంతకు మించి తేడా వస్తే పూచీ నాది."

తన నడకతోనే తిరిగే గడియారం అన్నమాట ఆయనకి తెగ నచ్చింది. మనిషి తిన్నది కండ పట్టినట్టు, తను నడిచింది వాచీకి పడుతుంది. దారి పొడుగునా ఆ మాటే చెప్పాడు. ఎప్పుడూ రెండు ముక్కలకంటే మాట్లాడని మొగుడు ఇంతసేపు మాట్లాడేసరికి ఆమెకి నవ్వొచ్చింది. కొత్త అల్లుడికి చేసినట్టు ఆ వాచీకి మర్యాదలు చేశాడు. వాల్వు తిప్పేముందు విప్పి, జేబురుమాలు పరిచి, గుంట గట్టుమీద పడుకోబెట్టేవాడు. ఇరవై నిమిషాలూ దాని ముందే కూర్చునేవాడు.

ఐదో రోజు నుంచి గొడవ మొదలైంది.

వాళ్ళింట్లో గోడగడియారం లేదు. ఆయన చేతి వాచీ ఉన్న ఇంట్లో ఇంకోటి దేనికని ఎవరూ కొనలేదు. ఇంట్లో టైముకి గీటురాయి రేడియో, అదీ వార్తల ముందు వినిపించే కూతలు. ఆ రోజు మధ్యాహ్నం కూతలు వినిపించేసరికి ఆయన వాచీ పదకొండు నిమిషాలు వెనక ఉంది. రేడియోదే తప్పేమో అనుకున్నాడు, పాపం. తర్వాత తలూపి వాచీని సరిచేశాడు. మర్నాడు సరిగ్గా ఉంది. ఆ మర్నాడు ఇరవైఆరు నిమిషాలు వెనక. ఆ తర్వాతి రోజు మళ్ళీ ముల్లు ముల్లుకీ సరి. ఏ గడియారమైనా వెనకబడితే రోజూ ఒకేలా వెనకబడాలి కదా, ఇదేమిటి బుద్ధి పుట్టినప్పుడు నడిచి లేనప్పుడు మానేస్తుంది? పోనీ ఆగిపోతోందా అంటే, ఆయన ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా సెకన్ల ముల్లు టకటకా పరిగెత్తుతూనే ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. వాచీ రేడియోతో సరిపోయిన రోజుల్లో కూడా ఆయన ఏడో వీధికి ఆలస్యంగానే చేరుతున్నాడు. ఆరింటికి మొదలుపెట్టాడు, ప్రతి వాల్వూ ఇరవై నిమిషాలు ఖచ్చితంగా చూసి కట్టాడు, ఎక్కడా నిలబడలేదు, ఎవరితోనూ కబుర్లాడలేదు. అయినా ఏడో గుంట దగ్గరికి వచ్చేసరికి వాచీ ఎనిమిదీ నలభై చూపిస్తోంది. అంటే పొద్దున్నపూట ఇది పరిగెత్తుతోందన్నమాట. రాత్రి పడుకుని, పొద్దున్నపూట పరిగెత్తే గడియారం ఎక్కడైనా ఉంటుందా? ఆలోచించి ఆలోచించి ఆయన బుర్ర వేడెక్కిపోయింది.

ఏడో వీధి మొదటి ఇంట్లో ఒక టీచరమ్మ ఉంటుంది. స్కూలికి తొమ్మిదింబావుకల్లా వెళ్ళాలి, ఇంట్లో మంచంమీద అత్తగారు. ఆవిడకి ఆ ఇరవై నిమిషాల నీళ్ళే ఇరవైనాలుగు గంటలకూ ఆధారం.

"మొన్న చుక్క రాలేదు, నిన్న పది నిమిషాలొచ్చాయి బాబాయ్, ఇవాళ ఏడు" అంది ఆవిడ. "నేను గట్టిగా అడిగే మనిషిని కాదు. కానీ మా అత్తగారికి ఒళ్ళు తుడవాలి. నేనెక్కణ్ణుంచి తేను?"

"కొత్త వాచీ అమ్మా. ఇంకా కుదురుకోలేదు" అన్నాడాయన.

"ఎప్పటికి కుదురుకుంటుంది?"

ఆయన కడ్డీ భుజాన వేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఏడో వీధిలో తల దించుకుని నడిచాడు. వారం తిరక్కుండా ఆ వీధివాళ్ళు రెండు ఫిర్యాదులు రాశారు. ఆయన సూపర్‌వైజరు చెడ్డవాడేమీ కాదు, కాకపోతే కాగితానికి భయపడే రకం. పిలిచి సంజాయిషీ రాయమన్నాడు. నిమిషాలయ్య బల్లమీద వంగి, 'కొత్త వాచీ దోషం వల్ల ఆలస్యమైనది' అని రాసిచ్చాడు. సూపర్‌వైజరు దాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఏంటయ్యా ఇది, అక్షరాలా చీమలా? కాగితం మాకేం కరువు లేదు, కాస్త పెద్దగా రాయొచ్చుగా."

"పెద్దగానే రాశాను సార్."

"సరేలే. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు. కడ్డీ అప్పజెప్పి పంపుహౌసులో మీటరు ముందు కూర్చోవాలి నువ్వు."

పంపుహౌసంటే నీడపట్టున కుర్చీ. జీతం తగ్గదు, కాళ్ళు నొప్పెట్టవు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నిమిషాలయ్యకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆయనకున్నదల్లా ఆ ఏడు వీధులు. ఏ ఇంటి కుళాయి కారుతుందో, ఏ గుంట మూత పగిలిందో, ఏ ఇంట్లో చంటిపిల్ల పుట్టి రెండు బిందెలు ఎక్కువ పడుతున్నాయో ఆయనకి తెలుసు. మీటరు ముందు కూర్చుంటే తన పేరు మళ్ళీ జీతాల రిజిస్టరులో మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఈ వాచీ సంగతి తేల్చి తీరాలి.

తేల్చడానికి సలహాలకేం కొదవ? పక్క వార్డులో వాల్వులు తిప్పే అతను, "ఆ ఇనపకడ్డీ లాగేస్తుంటుంది గురూ, ఇనుముకీ వాచీకీ పడదు" అన్నాడు. ఆయన నమ్మి కడ్డీకి గోనెపట్టా చుట్టాడు. ఏమీ మారలేదు. సూపర్‌వైజరు, "కొందరి ఒంటికి వాచీ సరిపడదయ్యా, ఒంట్లో కరెంటు ఎక్కువుంటుంది" అన్నాడు. ఆ కరెంటెలా తగ్గించుకోవాలో అడిగితే మాత్రం ఫైలు తెరిచాడు. ఇక భార్య, "దాన్ని గట్టుమీద పడుకోబెట్టి జోలపాడితే ఏం నడుస్తుంది, చేతికే ఉంచుకోండి" అంది. సబబుగానే తోచి, వాల్వు తిప్పేటప్పుడు కూడా విప్పడం మానేశాడు. కడ్డీ తిప్పేదంతా కుడిచెయ్యే, వాచీ కట్టుకున్న ఎడమది ఊరికే దాన్ని ఆనుకుని ఉంటుంది. రెండ్రోజులు కాస్త నయమనిపించింది. మూడోనాడు మళ్ళీ పద్దెనిమిది నిమిషాలు వెనక.

"మీరు చేతిలోకి తీసినప్పుడల్లా నడుస్తోందంటున్నారు కదా. రేపు పొద్దున్న ముట్టుకోకుండా చూద్దాం" అంది భార్య.

మర్నాడు ఇద్దరూ లేవగానే, రాత్రి వాచీ విప్పి పెట్టిన బీరువా దగ్గరికి వెళ్ళారు. ఆమె రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకుని, వాచీ మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఆగిపోయింది" అంది.

"ఏదీ?" అంటూ ఆయన చటుక్కున వాచీ అందుకున్నాడు. ముల్లు టకటకమంటూ నడుస్తోంది. "ఎక్కడ ఆగింది? శుభ్రంగా నడుస్తుంటేనూ."

"నేను చూసినప్పుడు ఆగుందండీ."

"నువ్వు నిద్రమొహంతో చూసుంటావు."

"నిద్రమొహం నాదా? గుండీ ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టుకుని నిలబడింది ఎవరు?"

ఆయన చొక్కా చూసుకున్నాడు. నిజమే. ఈ మధ్య గుండీలు పెట్టుకోవడం పెద్ద పనైపోయింది, తొందరపడితే ఇలాగే అవుతోంది. ఆమె విసుక్కుంటూ దగ్గరికొచ్చి సరిచేసింది. వాచీ ఆగిందా లేదా అన్నది అలాగే ఉండిపోయింది. చూసినది ఆమె, పట్టుకున్నది ఆయన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ ఎదుటివాళ్ళు అబద్ధమాడుతున్నట్టే ఉంది.

చివరికి ఆయన వాచీ బాగుచేసే తాత దగ్గరికి వెళ్ళాడు. రెండు మేడల మధ్య మెట్ల కింద, బీరువా అంత కొట్టు తాతది. కంట్లో భూతద్దం ఇరికించుకుని తల ఎత్తకుండానే మాట్లాడతాడు. వాచీ మూత తీసి చూసి, నాలుగు రోజులు తన చేతికి పెట్టుకుంటానన్నాడు. ఆ నాలుగు రోజులూ నిమిషాలయ్య అంచనామీదే వాల్వులు తిప్పాడు. తర్వాత వెళితే, "సరుకు మేలిమిది. నాలుగు రోజులకీ కలిపి ముప్పావు నిమిషం ముందుకెళ్ళింది. దీంట్లో నేను వేలు పెట్టేదేం లేదు తమ్ముడూ" అన్నాడు.

"మరి నా చేతికుంటే ఎందుకు తప్పుతోంది?"

"ఇంకెవరైనా పెట్టుకున్నారా?"

ఆయన గుర్తు చేసుకున్నాడు. కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, కొత్త వాచీ కదా అన్న సరదాకొద్దీ భార్య రెండు మూడు సాయంత్రాలు పెట్టుకుంది. లెక్కవేసి చూస్తే, అలా పెట్టుకున్న మర్నాడల్లా వాచీ సరిగ్గానే ఉంది. ఆ మాట పైకి చెబుతుంటే ఆయనకి ఒకరకంగా అవమానమనిపించింది. కూర్చుని మిషను కుట్టే మనిషి చేతికి సాగిలపడి పనిచేస్తుందా, ఏడు వీధులు నడిచే మనిషినేమో మోసం చేస్తుందా?

తాత కంట్లోని భూతద్దం తీశాడు. "ఆ కరెంటు స్తంభం దాకా ఓసారి నడిచి రా."

"దేనికి?"

"రావయ్యా, చెబుతాను."

వెళ్ళొచ్చాడు. ఇంకోసారి వెళ్ళమన్నాడు తాత. "నా వంక చూడకు. నీ పనేదో ఆలోచించుకుంటూ నడువు." ఆయన ఆరో గుంట మూత పగుళ్ళ గురించి ఆలోచిస్తూ నడిచాడు. తిరిగి వచ్చేసరికి తాత వాచీని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడానికి దానిమీద ఏమీ లేదు.

"వారం రోజులు కుడిచేతికి పెట్టుకో" అన్నాడు. "తర్వాత ఓసారి కనబడు. తప్పకుండా కనబడు."

కుడిచేతికి మార్చాక వాచీ బుద్ధిమంతురాలైపోయింది. మొదటి రోజు రేడియో కూతకి సరి. రెండో రోజు సరి. మూడో రోజు పొద్దున్న భార్య మళ్ళీ చేతులు వెనక్కి కట్టుకుని చూస్తే, ముల్లు నడుస్తోంది. "పీడ వదిలింది" అందామె. చెయ్యి మారితే వాచీ ఎందుకు మారిందో ఇద్దరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, పని జరుగుతోంది కదా అని సరిపెట్టుకున్నారు. ఆయన ఆ వారమంతా ఆరుకి ఐదు నిమిషాల ముందే మొదటి గుంట దగ్గర నిలబడి, ఠంచనుగా ఆరింటికి వాల్వు తిప్పాడు. తల ఎత్తుకుని నడిచాడు.

ఆరో రోజు ఏడో గుంట దగ్గర టీచరమ్మ ఆయనకోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. చేతిలో బిందె లేదు.

"వారమంతా చూశాను బాబాయ్. రోజూ పది నిమిషాలే. ఇవాళ అందరూ కలిసి మళ్ళీ రాశారు. నేను సంతకం పెట్టనన్నాను, కానీ నా ఒక్కదాని సంతకం లేకపోతే ఏమాగుతుంది?"

ఆయన వాచీ చూసుకున్నాడు. ఎనిమిదీ నలభై. వాచీ సరైనదే. నిన్న మధ్యాహ్నం కూడా రేడియోతో సరిచూశాడు. మొదలుపెట్టింది ఆరింటికే. మధ్యలో పది నిమిషాలు ఎవరు తీసుకుపోయారు? జేబుకి చిల్లు పడ్డవాడిలా ఆయన వెనక్కి తిరిగి తను నడిచొచ్చిన రోడ్డు చూశాడు. రోడ్డుమీద ఏమీ లేదు.

పని ముగించి తిన్నగా తాత కొట్టుకే వెళ్ళాడు. "ఇది సరిగ్గానే ఉంది, కానీ నాకు టైము చాలడంలేదు" అన్నాడు. తన నోటినుంచి వచ్చిన మాట తనకే తలాతోకా లేనట్టు వినిపించింది.

తాత స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

"ఆరోజే చెప్పుండాల్సింది. నాకు నోరు రాలేదు. నడిచేది కాళ్ళయినా, ఈ వాచీకి కావలసింది చెయ్యి ఊగడం కదా తమ్ముడూ. ఆ స్తంభం దాకా నువ్వు రెండుసార్లు వెళ్ళొచ్చావు. నీ కుడిచెయ్యి ముందుకీ వెనక్కీ ఊగింది. ఎడమది చొక్కాకి కుట్టేసినట్టు అలాగే ఉండిపోయింది. దానికి పెట్టుకుంటే వాచీకి తిండి చాలక తెల్లవారేసరికి ఆగిపోతుంది. నువ్వు చేతిలోకి తియ్యగానే ఆ కదలికకి మళ్ళీ నడుస్తుంది. అంతే."

"నొప్పేమీ లేదే."

"మా అన్నకీ లేదు." తాత భూతద్దాన్ని వేళ్ళమధ్య తిప్పాడు. "మొదట చెయ్యి ఊగడం మానేసింది, ఎవరం పట్టించుకోలేదు. తర్వాత అక్షరాలు చిన్నవైపోయాయి. గుండీలు పెట్టుకోవడానికి ఎంతో సేపు పట్టేది. నడక మందగించింది, వాడికి మాత్రం ఎప్పట్లాగే నడుస్తున్నట్టుండేది. అది నరాల జబ్బని డాక్టరు చెప్పాక గానీ మాకు తెలియలేదు. ఇప్పుడు మందులు మింగుతున్నాడు, తిరుగుతున్నాడు. ముందే తీసుకొస్తే బాగుండేదన్నాడు డాక్టరు. నువ్వు వెళ్ళి చూపించుకో. నేను డాక్టర్ని కాను, నాది పొరపాటే కావచ్చు. వాచీ బాగుందని మాత్రం కాగితం మీద రాసిమ్మన్నా రాసిస్తాను."

ఆయన లేచాడు. దణ్ణం పెట్టాడో లేదో కూడా గుర్తులేదు. కాళ్ళు ఇంటివైపు కాకుండా ఆరో గుంట దగ్గరికి తీసుకెళ్ళాయి. పగిలిన మూతమీద నిలబడి వాచీ చూసుకుని, రోజూ నడిచినట్టే ఏడో గుంట దాకా నడిచాడు. తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. ఇరవై రెండేళ్ళుగా అది ఐదు నిమిషాల దారి. ఇంచుమించు ఏడు నిమిషాలు పట్టింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచాడు. మళ్ళీ ఏడు. అలాంటి నడకలు రోజుకి ఆరు. ఆయనకి చదువు పెద్దగా లేకపోయినా ఆ లెక్క తెలుసు.

ఎడమచేతి వంక చూశాడు. ఊగు అని మనసులో అనుకుంటే ఊగింది. నాలుగడుగులు ఊగింది. ఎదురుగా ఒక సైకిలు వస్తే దానికి దారి ఇచ్చాడు, ఆ కాస్త ధ్యాస తప్పేసరికి చెయ్యి మళ్ళీ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పక్కనున్న మనిషి మాట్లాడటం మానేసినట్టు అనిపించింది. భయం వేసింది ఆయనకి, చిన్నప్పుడు సంతలో అమ్మ చెయ్యి వదిలిపోయినప్పుడు వేసినంత భయం.

మర్నాడు పొద్దున్న ఆయన కడ్డీ తీసుకుని వాల్వుల దగ్గరికి వెళ్ళలేదు. పక్క వార్డతన్ని బతిమాలి ఆ పూటకి తన వీధులు అప్పగించి, ఎనిమిదింటికి కడ్డీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. భార్య కూడా వచ్చి వరండాలో బల్లమీద కూర్చుంది. ముందురోజు ఆయన ఆమెతో చెప్పింది ఒక్కటే, రేపు ఆసుపత్రికి పోదాం అని. ఎందుకని అడిగితే చెప్పలేదు.

సూపర్‌వైజరు మూడో ఫిర్యాదు కాగితం తీయబోతుంటే ఆయన ఆపాడు.

"అది కాదు సార్. ముందు నేనిచ్చిన సంజాయిషీ కాగితం ఇవ్వండి."

"అదెందుకయ్యా ఇప్పుడు?"

"దాంట్లో ఒకటి తప్పు రాశాను."

కాగితం తీసుకుని, 'వాచీ దోషం' అన్న మాటలమీద గీత కొట్టాడు. దానికింద, ప్రతి అక్షరాన్నీ పెద్దగా దిద్దుదామని ఎంతో ప్రయత్నంగా, 'వాచీ సరిగ్గా నడుస్తున్నది. నేను నెమ్మదిగా నడుస్తున్నాను' అని రాశాడు. మొదటి మాట పెద్దదిగానే వచ్చింది. చివరికొచ్చేసరికి మళ్ళీ చీమలే. సూపర్‌వైజరు కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చదివాడు. ఈసారి చీమల మాట ఎత్తలేదు. ఫిర్యాదు కాగితాన్ని ఫైల్లో కింద ఎక్కడో పెట్టాడు.

"కడ్డీ నీ దగ్గరే ఉంచు" అన్నాడు. "డాక్టరేమంటాడో విన్నాక చూద్దాం."

"వద్దు సార్. ఏడో వీధిలో మంచంమీద ఒక పెద్దావిడ ఉంది. డాక్టరు చెప్పేదాకా ఆవిడ ఆగలేదు." ఆయన కడ్డీని గోడకి ఆనించాడు. "ఇంకో మాట సార్. ఆ వీధివాళ్ళందరితో తప్పు వాచీదేనని చెప్పాను. కాదని మీరోసారి చెప్పండి."

బయటికొచ్చి, మెట్లు దిగుతూ, భార్యకి అంతా చెప్పాడు. స్తంభం దాకా నడవడం, తాత అన్న సంగతి, అక్షరాలు, గుండీలు, ఏడు నిమిషాలు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె చాలాదూరం నడిచింది. ఎప్పట్లాగే ఆయనకి ఎడమవైపున నడుస్తోంది.

"ఏడాది దాటింది" అంది చివరికి.

"ఏంటి?"

"మనం పక్కపక్కన నడిచేటప్పుడు మీ చెయ్యి నా చేతికి తగులుతూ ఉండేది. ఏడాది దాటింది, తగలడం మానేసి. మీకు నామీద కోపమొచ్చిందనుకున్నా."

ఆయన ఆగిపోయాడు. "అడగొచ్చుగా."

"కోపంలో ఉన్నవాళ్ళని ఏమడుగుతాం? అదే పోతుందిలే అని ఊరుకున్నా. వాచీ కొంటే అయినా పోతుందేమో అనుకున్నా."

ఏడాదిపాటు ఈ మనిషి తన పక్కన నడుస్తూ, తను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంటూ ఉందన్నమాట. ఎడమచేతిని కదలమని అనుకున్నాడు. కదిలి ఆమె గాజులకి తగిలింది. ఆమె ఆ చేతిని అక్కడే పట్టుకుంది. పట్టుకుని, ఆయన కుడిచేతి వాచీ విప్పి, ఎడమచేతికి కట్టింది.

"దానికుంటే ఆగిపోతుందే" అన్నాడాయన.

"నేను ఊపుతాగా" అందామె.

రోడ్డుమీదివాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, ఆసుపత్రి దాకా ఆ చేతిని ఆమే ముందుకీ వెనక్కీ ఊపుకుంటూ నడిచింది. నడక నెమ్మదిగానే సాగింది. వాళ్ళు చేరేసరికి ఆసుపత్రి గోడగడియారంలో తొమ్మిదీ ఇరవై అయింది. వాచీలోనూ అంతే ఉంది.